స్ట్రెచరు మోసిన చేతికి డిగ్రీ అక్కర్లేదా?

ఇంటర్ ఫలితాలు వచ్చే రోజుల్లో మన వాడల్లో ఏ ఇంటి అరుగు మీద కూర్చున్నా ఒకటే మాట. "బైపీసీ చదివించాం. డాక్టరు సీటు రాలేదు. ఇంకేం చేద్దాం?" ఆడపిల్లయితే నర్సింగు, లేదా సంబంధం. మగపిల్లాడైతే ఊరి పక్క డిగ్రీ కాలేజీ, అదీ కుదరకపోతే మేస్త్రీ వెనకాల హైదరాబాదు. ఇంతకు మించి దారి ఉందని చెప్పేవాడు ఊళ్ళో లేడు. చెప్పాల్సిన లెక్చరరు చెప్పడు. తెలిసిన కులాలవాళ్ళు తమలో తాము చెప్పుకుంటారు.

అందుకే ఈసారి సంపాదకీయం ఒక చదువు గురించి. యూనివర్సిటీల్లో చెప్పే అత్యవసర వైద్యసేవల చదువు గురించి. రోడ్డు మీద పడ్డవాణ్ణి, పాము కరిచినవాణ్ణి, చేలో పురుగుల మందు తాగినవాణ్ణి, నొప్పులు పడుతున్న తల్లిని ఆసుపత్రి గేటు దాకా ప్రాణంతో తీసుకొచ్చే విద్య అది. ఉద్యమ పత్రికకు కోర్సుల గొడవ ఎందుకు, అది ఉపాధి పేపర్ల పని కదా అనే మిత్రులు ఉంటారు. ఈ పని ఎవరి చేతుల్లో పుట్టిందో, ఎవరి చేతుల్లోంచి గుంజుకుపోయారో తెలిస్తే ఆ మాట అనరు.

ముందు మన ఊరి సంగతి. ఊళ్ళో ఆపదొస్తే పరిగెత్తింది ఎవరు? వెట్టివాడు. చావు కబురు పట్టుకుని అర్ధరాత్రి పది ఊళ్ళు తిరిగింది మాలోడు, మాదిగోడు. కాన్పులు చేసింది మన పల్లె మంత్రసాని. నొప్పుల వేళ ఆమె చెయ్యి కావాలి. బొడ్డు కోసి మైల ఎత్తిపోశాక ఆమె నడిచిన చోట నీళ్ళు చల్లుకోవాలి. బావిలో పడ్డ శవాన్ని తీసింది మనం, ఉరితాడు కోసింది మనం, గుంట తవ్వింది మనం. పెద్దాసుపత్రులు వచ్చాక మాత్రం ఏం మారింది? స్ట్రెచరు తోసేది, నెత్తురు కడిగేది, శవపరీక్ష గదిలో డాక్టరు దూరంగా నిలబడి రాసుకుంటుంటే సుత్తీ ఉలీ పట్టుకునేది ఎక్కువగా మనవాళ్ళే. మనిషి ప్రాణం ఊగులాడే వేళ దగ్గరుండి చేసే పనంతా మనకే వదిలేశారు. దానికి చదువని పేరు పెట్టలేదు, ఉద్యోగమని పేరు పెట్టలేదు. మైల అని పేరు పెట్టారు.

2005 ఆగస్టు 15న ఉమ్మడి రాష్ట్రంలో 108 మొదలైంది. సత్యం రామలింగరాజు కుటుంబం పెట్టిన ఈఎంఆర్ఐ సంస్థ నడిపింది. 2009లో సత్యం గుట్టు బయటపడ్డాక అది జీవీకే చేతికి పోయింది. రాష్ట్రం రెండయ్యాక ఆంధ్రలో నడిపే కంపెనీలు మళ్ళీ మారాయి. ఎవరు నడిపినా ఒక మంచి జరిగింది, దాన్ని దాచాల్సిన పని లేదు. మొదటిసారి ఒక బండి ఊరి నడిబొడ్డున ఆగిపోకుండా మన పల్లెలోకి వచ్చింది. కులం అడగలేదు, డబ్బు అడగలేదు. అంతకు ముందు పాము కరిచిన కూలీని మంచం మీద వేసుకుని మోసుకుపోయినవాళ్ళకు, ఆసామి ట్రాక్టరు కోసం చేతులు కట్టుకుని నిలబడ్డవాళ్ళకు ఆ తేడా ఏమిటో తెలుసు. ఏజెన్సీ గూడేల్లో మాత్రం గర్భిణిని డోలీ కట్టి మోసుకొస్తున్న వార్తలు ఈనాటికీ చదువుతూనే ఉన్నాం.

ఇక ఆ బండిలో కూర్చున్న మనిషి సంగతి. డ్రైవరుకు పైలట్ అని పేరు. వెనక కూర్చునేవాణ్ణి ఈఎంటీ అంటారు. బీఎస్సీ చదివినవాళ్ళు, ఫార్మసీవాళ్ళు, నర్సింగువాళ్ళు కొన్ని వారాల శిక్షణ తీసుకుని ఆ సీట్లో కూర్చున్నారు. మన వాడల పిల్లలూ అందులో ఉన్నారు. బండిలో కాన్పు చేసినవాళ్ళు, ఆగిన గుండెను రెండు చేతులతో నొక్కి మళ్ళీ కొట్టించినవాళ్ళు ఉన్నారు. కానీ పన్నెండు గంటల డ్యూటీ. కాంట్రాక్టు బతుకు. కంపెనీ మారినప్పుడల్లా పాత సర్వీసు ఉంటుందా పోతుందా అన్న గుబులు. ఎనిమిది గంటల పని కోసం, జీతం కోసం రెండు రాష్ట్రాల్లోనూ సమ్మెలు చేశారు. 2020 జులై 1న విజయవాడలో 108, 104 బండ్లు 1,088 ఒకేసారి జెండా ఊపి పంపించారు. బండ్ల లెక్క అన్ని ప్రభుత్వాలూ చెబుతాయి. బండిలోని మనిషి ఏం చదివాడు, ఎంత తీసుకుంటున్నాడు, పదేళ్ళ తర్వాత ఏమవుతాడు అన్న లెక్క మాత్రం ఏ సభలోనూ వినపడదు.

ఇదే పని మీద, మనలాంటివాళ్ళకే, సముద్రాలవతల జరిగిన కథ ఒకటుంది. 1972లో బొంబాయి దళిత యువకులు తమ సంస్థకు పాంథర్స్ అని పేరు పెట్టుకున్నారు. ఆ పేరు అమెరికా నల్లవాళ్ళ పోరాటం నుంచి వచ్చిందే. తుపాకీ పట్టిన నల్లవాళ్ళ గురించి మనం సభల్లో చాలాసార్లు చెప్పుకున్నాం. స్ట్రెచరు పట్టిన నల్లవాళ్ళ గురించి చెప్పుకోలేదు.

అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో పిట్స్‌బర్గ్ అని ఉక్కు మిల్లుల నగరం. అందులో హిల్ డిస్ట్రిక్ట్ అనే నల్లవాళ్ళ పేట. 1960ల్లో ఆ నగరంలో ఎవరికైనా ప్రాణం మీదకు వస్తే పోలీసు వ్యాను వచ్చేది. దొంగల్ని ఎక్కించుకుపోయే వ్యానే. ఇద్దరు పోలీసులు రోగిని లోపల పడేసి ముందు సీట్లో కూర్చుని తోలుకుపోయేవాళ్ళు. వెనక రోగి ఊపిరి తీస్తున్నాడో లేదో చూసే నాథుడు లేడు. దేశంలో చాలాచోట్ల శవాల్ని మోసే కంపెనీల బండ్లే ఆంబులెన్సులు. నల్లవాళ్ళ పేటకు పోలీసు వ్యాను వస్తే రావచ్చు, రాకపోవచ్చు. వచ్చినా ఆ వ్యాను ఎక్కడానికే వాళ్ళకు భయం.

పేదవాళ్ళు చచ్చినన్నాళ్ళూ ఎవరికీ పట్టలేదు. 1966 నవంబరులో మాజీ గవర్నరు డేవిడ్ లారెన్స్ సభలో మాట్లాడుతూ కుప్పకూలిపోయాడు. ఆసుపత్రికి చేరేసరికి మెదడు దెబ్బతింది, ఆ నెలలోనే పోయాడు. అప్పుడు కాస్త కదలిక వచ్చింది. అదే నగరంలో పీటర్ సఫర్ అనే డాక్టరున్నాడు. వియన్నాలో పుట్టినవాడు. ఆగిన గుండెను ఛాతీ నొక్కి, నోట్లోకి ఊపిరి ఊది బతికించే పద్ధతిని, ఇప్పుడు మనం సీపీఆర్ అంటున్నదాన్ని, రూపుకట్టినవాళ్ళలో ముఖ్యుడు. ఆయన కూతురే 1966లో ఆస్తమాతో చనిపోయింది. ఆసుపత్రిలో ఎంత గొప్ప వైద్యం ఉన్నా ఆసుపత్రికి వచ్చేలోపు మనిషి పోతే ఏం లాభం అని ఆయన తేల్చుకున్నాడు. వైద్యాన్నే బండెక్కించాలి అన్నాడు.

ఎవరు ఎక్కాలి? ఫిల్ హాలెన్ అనే ఒక నిధి సంస్థ పెద్ద, హిల్ డిస్ట్రిక్ట్‌లో ఫ్రీడమ్ హౌస్ అనే నల్లవాళ్ళ సంస్థ, సఫర్ కలిశారు. ఆ సంస్థ అంతకు ముందు పేటలో కూరగాయల బండ్లు నడిపేది. 1967లో పేటలోని నల్ల యువకుల్ని పోగుచేశారు. హైస్కూలు పూర్తి చెయ్యనివాళ్ళున్నారు. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్ళున్నారు. జైలుకు వెళ్ళొచ్చినవాళ్ళూ ఉన్నారు. పనికిమాలినవాళ్ళు అని నగరం ముద్ర వేసినవాళ్ళు. వాళ్ళకు సుమారు 300 గంటల చదువు చెప్పారు. శరీర నిర్మాణం, ఊపిరి, గుండె, నర్సింగు, బండి తోలడం. ఆసుపత్రి వార్డుల్లో, ఆపరేషన్ గదుల్లో నిలబెట్టి నేర్పారు. 1968లో మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపినప్పుడు పేట తగలబడుతుంటే ఆ కుర్రాళ్ళే గాయపడ్డవాళ్ళ మధ్య తిరిగారు. బండ్లు నడవడం మొదలైన మొదటి ఏడాదిలోనే 5,800 దాకా పిలుపులకు పరిగెత్తారు.

ఆ తర్వాత నాన్సీ కరోలిన్ అనే డాక్టరమ్మ వాళ్ళకు వైద్యాధికారిగా వచ్చింది. ఆమె కూడా బండెక్కి వాళ్ళతో తిరిగింది. అమెరికా ప్రభుత్వం దేశమంతటికీ పారామెడిక్ పాఠ్యప్రణాళిక రాయమని ఆమెకే అప్పగించింది. ఆమె ఆ పాఠాన్ని ఈ నల్ల కుర్రాళ్ళ మధ్యే నేర్పి, పరీక్షించి రాసింది. ఆ దేశంలో పారామెడిక్ అనే వృత్తికి పలక మీద మొదటి అక్షరాలు దిద్దించిన పేటల్లో నల్లవాళ్ళ పేట ఒకటి. ఇది చిన్న సంగతి కాదు.

తర్వాత ఏమైంది? పనికి పరువొచ్చింది. తెల్లవాళ్ళ పేటలవాళ్ళు మాకూ అలాంటి బండి కావాలన్నారు. అప్పుడు నగరపాలక సంస్థకు మెలకువ వచ్చింది. మేయరు పీట్ ఫ్లాహెర్టీ నగరం సొంతంగా ఆంబులెన్సు నడుపుతుందన్నాడు. 1975 అక్టోబరులో ఫ్రీడమ్ హౌస్ తలుపులు మూసేశారు. నల్లవాళ్ళను కొత్త సర్వీసులోకి తీసుకుంటామన్నారు, తీసుకున్నారు కూడా. తీసుకున్నాక పరీక్షలు పెట్టారు. పాత కేసులు తవ్వారు. ఏళ్ళ తరబడి ప్రాణాలు నిలబెట్టినవాళ్ళను, నిన్న మొన్న చేరిన తెల్లవాళ్ళ కింద సంచులు మోసే పనికి పెట్టారు. ఒక్కొక్కరూ విసిగి వెళ్ళిపోయారు. కొన్నేళ్ళకు ఆ నగర సర్వీసు దాదాపు తెల్లవాళ్ళ సర్వీసయింది. ఓర్చుకుని నిలబడ్డవాళ్ళు కొద్దిమంది. జాన్ మూన్ ఆ నగరంలోనే అసిస్టెంట్ చీఫ్ దాకా ఎదిగి 2009లో రిటైరయ్యాడు. మిచెల్ బ్రౌన్ క్లీవ్‌లాండ్ నగర ఆంబులెన్సు సర్వీసుకు అధిపతి అయ్యాడు. మిగతావాళ్ళ పేర్లు ఆ నగరమే చాలా ఏళ్ళు మర్చిపోయింది.

ఇందులో మనం చూడాల్సింది ఒకటే. వాళ్ళను ఎవరూ కొట్టి తరమలేదు. నువ్వు నల్లవాడివి పో అని నోటితో అనలేదు. కాగితంతో తరిమారు. అర్హత, పరీక్ష, సర్టిఫికెట్ అనే మాటలతో తరిమారు. పనికి విలువ లేనంతకాలం పని నీది. విలువ వచ్చిన రోజున "నీ దగ్గర కాగితం ఉందా?" అంటారు.

మన దగ్గరకు ఇప్పుడు ఆ కాగితం వచ్చింది. 2021లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. జాతీయ అనుబంధ, ఆరోగ్యసంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం అని నోరు తిరగని పేరు. డాక్టరు, నర్సు, ఫార్మసిస్టు కాని ఆరోగ్య వృత్తులన్నిటికీ ఒక లెక్క పెట్టిన చట్టం. అందులో ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజిస్ట్, అడ్వాన్స్ కేర్ పారామెడిక్ అనే రెండు పేర్లూ ఉన్నాయి. అనుబంధ వృత్తి అనిపించుకోవాలంటే రెండేళ్ళ నుంచి నాలుగేళ్ళలో కనీసం 2,000 గంటల చదువు. ఆరోగ్యసంరక్షణ వృత్తి అనిపించుకోవాలంటే మూడు నుంచి ఆరేళ్ళలో కనీసం 3,600 గంటల చదువు. రాష్ట్రానికో కౌన్సిలు, ఒక రిజిస్టరు. డాక్టరుకు రిజిస్టరు నంబరు ఉన్నట్టే వీళ్ళకూ ఉండాలని.

చట్టం చెడ్డదని మేం అనడం లేదు. ప్రాణం పోసే పనికి చదువుండాలి, గుర్తింపుండాలి. అరకొర శిక్షణతో పేదవాడి ఒంటి మీద చెయ్యి వెయ్యమనడం పేదవాణ్ణి అవమానించడమే. కానీ కొన్ని వారాల శిక్షణతో పదేళ్ళు బండిలో పనిచేసిన మన పిల్లాడు ఆ 2,000 గంటల గేటు ముందు ఏమవుతాడు? వాడి పదేళ్ళ అనుభవాన్ని గంటల్లోకి మారుస్తారా, లేక "పక్కకు జరుగు, డిగ్రీవాడు వచ్చాడు" అంటారా? రేపు డిగ్రీ పట్టుకుని వచ్చేవాళ్ళలో మన పిల్లలు ఎంతమంది? పిట్స్‌బర్గ్ 1975 మనకు రాకుండా ఉండాలంటే ఈ రెండు ప్రశ్నలూ ఇప్పుడే అడగాలి.

అడగాలంటే ఆ చదువేమిటో తెలియాలి. ఇంటర్ బైపీసీ తర్వాత చేరే బీఎస్సీ అది. ఎక్కువచోట్ల మూడేళ్ళ చదువు, ఒక ఏడాది ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్. ఒక్కో యూనివర్సిటీ ఒక్కో పేరు పెడుతుంది. ఎమర్జెన్సీ మెడిసిన్ టెక్నాలజీ అని ఒకచోట, ఎమర్జెన్సీ అండ్ ట్రామా కేర్ అని ఇంకోచోట. హైదరాబాదు నిమ్స్‌లో పారామెడికల్ బీఎస్సీలు ఉన్నాయి, వాటిలో ఎమర్జెన్సీ, ట్రామా కేర్ ఒకటి. నిమ్స్ ప్రభుత్వ సంస్థ, యూనివర్సిటీ హోదా ఉన్నది. విజయవాడలో ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం, వరంగల్లులో కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం కూడా పారామెడికల్ డిగ్రీలకు నోటిఫికేషన్లు ఇస్తాయి. ఎంబీబీఎస్ అడ్మిషన్ల గోలలో ఆ నోటిఫికేషన్లు ఎవరి కంటా పడవు. మన కంట పడాలి.

లోపల నేర్పేది ఏమిటి? మొదట గాలి. గొంతులో అడ్డం ఉందా, ఊపిరి ఆడుతోందా. తర్వాత నెత్తురు. ఎక్కడ కారుతోంది, ఎలా ఆపాలి. పడ్డవాడి మెడ కదిలించకుండా ఎలా ఎత్తాలి. ఇది తెలియక, మంచి మనసుతోనే, నలుగురం నాలుగు రెక్కలు పట్టి ఎత్తి ఎంతమందిని జీవితాంతం మంచాన పడేశామో. గుండె ఆగితే నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండంగుళాల లోతు ఛాతీని ఎలా నొక్కాలి. పాము కరిస్తే తాడు బిగించకూడదు, కత్తితో కోయకూడదు, కాలు కదలకుండా బద్ద కట్టి విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి పోవాలి. పురుగుల మందు తాగినవాడి నోట నురగ, కంటిపాప సూదిమొనంత అయితే అది ఏ జాతి మందో, ఏం చెయ్యాలో, కంట్రోల్ రూములోని డాక్టరుకు ఫోనులో ఏం చెప్పాలో. మందు తాగినవాడికి ఉప్పునీళ్ళు పోసి కక్కించకూడదని మన పల్లెల్లో ఎంతమందికి తెలుసు? సెప్టిక్ ట్యాంకులో దిగి పడిపోయినవాణ్ణి లాగడానికి వెంటనే ఇంకొకడు దిగితే ఇద్దరూ పోతారని తెలుసా? దిగేదీ, పోయేదీ ఎవరో వేరే చెప్పాలా?

ఈ జబ్బులు, ఈ ప్రమాదాలు, ఈ చావులు మనవి. కూలికి పోయేవాడి చావులు. వాటి మీద చదువు మాత్రం మనది కాకుండా పోతే ఎట్లా?

చదివాక ఏం పని అని తల్లిదండ్రులు అడుగుతారు. "నాలుగేళ్ళు డిగ్రీ చదివించింది మళ్ళీ ఆంబులెన్సు ఎక్కడానికా?" న్యాయమైన ప్రశ్నే. అబద్ధం చెప్పం. ఇవాళ ఆంబులెన్సులో డిగ్రీవాడికీ, పాతవాడికీ జీతంలో పెద్ద తేడా కనపడటం లేదు. కానీ బండి ఒక్కటే గమ్యం కాదు. పెద్దాసుపత్రుల క్యాజువాలిటీలో, ఐసీయూలో టెక్నాలజిస్టు ఉద్యోగాలున్నాయి. ఫ్యాక్టరీల్లో, రేవుల్లో, గనుల్లో ప్రథమ చికిత్స కేంద్రాలున్నాయి. హైవేల మీద ఆంబులెన్సులున్నాయి. గల్ఫ్ వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక మాట: అక్కడ ఆంబులెన్సు పనికి ఆ దేశం లైసెన్సు కావాలి, డిగ్రీ లేని అనుభవాన్ని పెద్దగా లెక్కలోకి తీసుకోరు. ఒంటెలు కాయడానికి, మేడలకు సున్నం వెయ్యడానికి వెళ్ళే దారిలోనే ఇంకో గేటు ఉందని చెప్పడానికి ఇది రాస్తున్నాం. ఇక మాస్టర్స్ చేస్తే పాఠం చెప్పే ఉద్యోగం. రేపు ఈ చదువు చెప్పే మాస్టరు మనవాడైతే వెనక బెంచీలో కూర్చున్న మన పిల్లని పేరు పెట్టి పిలుస్తాడు.

ఇంకో దారి ఉంది, దాన్ని మనవాళ్ళు అసలు ఆలోచించరు. అమెరికాలో బాల్టిమోర్ దగ్గర యుఎంబీసీ అనే ప్రభుత్వ యూనివర్సిటీ ఉంది. 2022 వరకు ముప్ఫై ఏళ్ళు దానికి అధ్యక్షుడు ఫ్రీమన్ హ్రబోవ్‌స్కీ అనే నల్లాయన. 1963లో పన్నెండేళ్ళప్పుడు బర్మింగ్‌హామ్‌లో పిల్లల ఊరేగింపులో నడిచి జైలుకెళ్ళినవాడు. ఆ యూనివర్సిటీలో అత్యవసర వైద్యసేవల్లో డిగ్రీ ఉంది. అందులో రెండు దారులు. ఒకటి పారామెడిక్, అంటే రోగి పక్కన కూర్చునేవాడు. రెండోది నిర్వహణ. బండ్లు ఎన్ని కావాలి, ఏ కూడలిలో నిలపాలి, వరదొస్తే ఏ ఊరు ముందు ఖాళీ చేయించాలి, డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలి అని నిర్ణయించేవాడు.

ఈ రెండో కుర్చీ సంగతి గట్టిగా ఆలోచించండి. 108 బండి మీ మండలంలో ఎక్కడ నిలబడుతుంది? ఎవరు నిర్ణయించారు? బండి వచ్చేసరికి మీ పల్లెకు ఎన్ని నిమిషాలు, ఊరికి ఎన్ని నిమిషాలు? పల్లెకు రోడ్డు లేకపోతే బండి ఎక్కడ ఆగుతుంది? తుపాను వచ్చినప్పుడు లంకల్లో, పల్లపు వాడల్లో ఉన్నవాళ్ళ దగ్గరకు పడవ ముందొచ్చిందా, వెనకొచ్చిందా? ఇవన్నీ ఎవరో ఒకరు ఒక గదిలో పటం ముందు కూర్చుని తేల్చే సంగతులు. ఆ గదిలో మన పల్లె ఎక్కడుందో తెలిసిన మనిషి ఒక్కడైనా ఉండాలి. స్ట్రెచరు పట్టే చోట మనం ఎప్పుడూ ఉన్నాం. పటం పరిచే చోట లేం.

కొందరు అంటారు, ప్రభుత్వం బండి పంపిస్తోంది, ఉచితంగా వైద్యం చేస్తోంది, ఇంకా ఏం కావాలి అని. ఇది దయ కాదు. 1992లో బెంగాల్‌లో హకీం షేక్ అనే వ్యవసాయ కూలీ రైల్లోంచి పడి తలకు గాయమైంది. కలకత్తాలో ఒకదాని తర్వాత ఒకటి ప్రభుత్వ ఆసుపత్రులు మంచం లేదని, సౌకర్యం లేదని పంపించేశాయి. చివరికి ప్రైవేటులో డబ్బు కట్టి బతికాడు. ఆయన ఉన్న కూలీ సంఘం, పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి, సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1996లో కోర్టు తీర్పు చెప్పింది. ప్రాణాపాయంలో వైద్యం అందించకపోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కును కాలరాయడమే అంది. 25,000 రూపాయల పరిహారం ఇప్పించింది. ఆంబులెన్సులో పరికరాలుండాలి, వైద్య సిబ్బంది ఉండాలి అని కూడా అదే తీర్పులో ఉంది. అంతకు ముందు 1989లోనే పరమానంద్ కటారా కేసులో, పోలీసు కాగితాల కోసం గాయపడ్డవాణ్ణి ఆపొద్దు, ముందు వైద్యం చెయ్యండి అని చెప్పింది. అంటే చదువుకున్న మనిషి బండిలో ఉండటం కంపెనీ పెట్టే భిక్ష కాదు, ఒక కూలీ సంఘం కోర్టులో గెలిచిన హక్కు. మన సంఘాలు ఈ తీర్పు కాపీ తీసి దగ్గర పెట్టుకోవాలి.

ఇక మోసాల సంగతి చెప్పకపోతే తప్పవుతుంది. పారామెడికల్ అనే బోర్డు తగిలించి, మేడ మీద రెండు గదుల్లో, ఒక ప్లాస్టిక్ బొమ్మ పెట్టి ఏడాదికో సర్టిఫికెట్ అమ్మేవాళ్ళు ప్రతి పట్నంలోనూ ఉన్నారు. "ఫీజు రీయింబర్స్‌మెంటు మేం చూసుకుంటాం, మీరు సంతకం పెట్టండి చాలు" అని వాడకే వచ్చి పిల్లల్ని పోగుచేసుకుపోతారు. ఆ డబ్బు ప్రభుత్వం నుంచి ఆలస్యమైతే చివర్లో టీసీ, మార్కుల జాబితా బీరువాలో పెట్టి తాళం వేస్తారు. చేరే ముందు నాలుగు మాటలు అడగండి. ఏ యూనివర్సిటీ గుర్తింపు? పిల్లలు పని నేర్చుకునే ఆసుపత్రి ఏది, అక్కడ క్యాజువాలిటీ రాత్రీ పగలూ నడుస్తుందా? ఇంటర్న్‌షిప్ ఏడాదిలో స్టైపెండు ఉందా? చదివాక కౌన్సిలు రిజిస్టరులో పేరు ఎక్కుతుందా? నాలుగింటిలో ఒక్కదానికి నీళ్ళు నమిలినా వెనక్కి వచ్చెయ్యండి.

ఆడపిల్లల్ని పంపండి. రాత్రి డ్యూటీలు, మగవాళ్ళ మధ్య బండి అని వెనకాడే తల్లులున్నారు. వాళ్ళ భయం ఉట్టిది కాదు. కానీ బండిలో కాన్పయ్యే తల్లికి పక్కన ఆడమనిషి ఉంటే ఎంత ధైర్యమో కూడా ఆ తల్లులకే తెలుసు. రాత్రి డ్యూటీకి విశ్రాంతి గది, మరుగుదొడ్డి, రవాణా అడగడం యూనియన్ పని. భయపడి పిల్లని ఆపడం దానికి మందు కాదు.

మన సంఘాలకు పని ఇది. 108లో, ప్రైవేటు ఆంబులెన్సుల్లో పనిచేస్తున్న మన పిల్లల జాబితా మండలాల వారీగా తయారు చెయ్యాలి. ఎప్పుడు చేరారు, ఏం చదివారు, ఎన్ని కంపెనీలు మారాయి అన్నీ రాయాలి. కొత్త చట్టం కింద రిజిస్టరులు పెట్టేటప్పుడు అనుభవం ఉన్నవాళ్ళకు జీతం కోల్పోకుండా చదువుకునే వంతెన కోర్సు కావాలని ఆ జాబితాతో ఆరోగ్య శాఖ దగ్గరకు పోవాలి. బండి నడిపే టెండరు ఏ కంపెనీకి ఇచ్చినా, పాత సిబ్బందినీ వాళ్ళ సర్వీసునూ కొనసాగించాలనే షరతు, నియామకాల్లో రిజర్వేషన్ షరతు ఆ టెండరు కాగితంలోనే ఉండాలని అడగాలి. ప్రజల డబ్బుతో నడిచే బండి తలుపు మీద కంపెనీ పేరు రాసినంత మాత్రాన రాజ్యాంగం దిగిపోదు. సాంఘిక సంక్షేమ గురుకులాల్లో బైపీసీ చదువుతున్న పిల్లల దగ్గరకు పోయి ఈ చదువు గురించి చెప్పాలి. ఆంబులెన్సులో పనిచేసే మన పిల్లాణ్ణే తీసుకుపోండి. మన ఉపన్యాసం కంటే వాడి మాట ఎక్కువ ఎక్కుతుంది.

2025లో రెండు రాష్ట్రాల్లోనూ ఎస్సీ వర్గీకరణ అమల్లోకి వచ్చింది. దాని మీద ఎవరి వాదం వాళ్ళకుంది, ఈ పేజీల్లో ఆ వాదాలు జరిగాయి, ఇంకా జరుగుతాయి. ఈ డిగ్రీలో మాత్రం కొట్లాట ఆ దాకా రాకముందే సీటు చేజారిపోయే ప్రమాదం ఉంది. ఉన్న సంగతి తెలియక దరఖాస్తు పెట్టకపోతే మాలకూ లేదు, మాదిగకూ లేదు, రెల్లికీ లేదు.

నిమ్స్, ఆరోగ్య విశ్వవిద్యాలయాల వెబ్‌సైట్లు వారానికోసారి చూసే బాధ్యత వాడకో చదువుకున్న కుర్రాడికి అప్పజెప్పండి. ఇంటర్ రెండో ఏడాది బైపీసీ పిల్లలున్న ఇళ్ళవాళ్ళు కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, నాలుగో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తీయించి సంచిలో పెట్టుకోండి. ఆధార్‌లో పేరు, పదో తరగతి మార్కుల జాబితాలో పేరు ఒకటేనా చూసుకోండి. నోటిఫికేషన్ పడ్డాక ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరగడం మొదలుపెడితే గడువు దాటిపోతుంది.